మీకు తెలుసా? మిషన్ చదివేది వేలిని కాదు, చుక్కల్ని

రఘునాథపల్లి మండలంలో ఏ ఊళ్లోనైనా నెల మొదట్లో రేషన్ షాపు దగ్గర కాసేపు నిలబడి చూడండి. మిషన్ మీద వేలు పెట్టబోయే ముందు దాన్ని నుదుటికో, నూనె రాసిన తలకో ఒకసారి రుద్దుకునే పెద్దవాళ్లు కనిపిస్తారు. "మళ్లొక్కసారి పెట్టు అవ్వా, గంత గట్టిగ ఒత్తకు" అని డీలర్ అంటుంటాడు. చూసి నవ్వుకునేవాళ్లు ఉంటారు గానీ, అవ్వ చేసిందీ సరైన పనే, డీలర్ చెప్పిందీ సరైన మాటే.

వేలి కొస దున్నిన చేను లాంటిది. పైకి లేచిన గట్లు, వాటి మధ్య చాళ్లు. ఈ-పాస్ మిషన్‌కు తగిలించే స్కానర్లలో ఎక్కువ భాగం ఒక గాజుముక్క, దాని కింద ఒక లైటు, ఒక చిన్న కెమెరాతో పనిచేస్తాయి. చాలు ఉన్నచోట చర్మానికీ గాజుకూ మధ్య గాలి ఉంటుంది కాబట్టి వెలుతురు మొత్తం వెనక్కి మళ్లి కెమెరాలో పడుతుంది. అక్కడ తెలుపు. గట్టు గాజును తాకినచోట వెలుతురు చర్మంలోకి జారిపోతుంది. అక్కడ నలుపు. ఎండిపోయిన వేలు గాజును సరిగా పట్టుకోదు, గీతలు తెగి తెగి పడతాయి. నుదుటి జిడ్డు కొంచెం అంటితే ఆ గీతలు కలుస్తాయి. అలాగని తడిచేయి పెడితే చాళ్లలో నీళ్లు నిండి బొమ్మంతా నల్ల మచ్చ అయిపోతుంది. గట్టిగా ఒత్తితే గట్లు నలిగి ఒకదానికొకటి అంటుకుంటాయి.

జేబులోని ఫోన్ సంగతి వేరు. చాలా ఫోన్లలో వెలుతురుతో పని లేదు. లోపల వరసగా పేర్చిన సన్నటి విద్యుత్ పలకలు గట్టు ఎంత దగ్గర, చాలు ఎంత దూరం అన్నది కొలుస్తాయి. ఖరీదైన కొన్ని ఫోన్లు చెవికి వినబడని శబ్దాన్ని వేలి మీదికి పంపి, దాని ప్రతిధ్వనితో బొమ్మ గీస్తాయి.

నలభై చుక్కలు చాలు

మిషన్ మీ వేలి ఫోటోను ఇంకో ఫోటో పక్కన పెట్టి పోలుస్తుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలా జరగదు. గట్టు ఎక్కడ హఠాత్తుగా ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది, ఈ రెండే వెతుకుతుంది. అలాంటి ప్రతి చోటా ఒక చుక్క. ఆ చుక్క అడ్డంగా ఎంత దూరంలో ఉంది, నిలువుగా ఎంత దూరంలో ఉంది, గీత ఏ వైపు తిరిగి ఉంది అన్నవి అంకెలుగా రాసుకుంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కో చుక్కకు 6 బైట్లు. నలభై చుక్కలంటే 240 బైట్లు. మీరు పొద్దున్నే పంపే గుడ్ మార్నింగ్ బొమ్మ దీనికి కొన్ని వందల రెట్లు పెద్దది.

రేషన్ షాపులో అడిగే ప్రశ్న తేలికైంది: కార్డులో పేరున్న ఫలానా మనిషి ఈమేనా? ఒక వేలిని ఒక రికార్డుతో పోల్చి అవును, కాదు అని చెప్పాలి. పోలీసులు అడిగేది కష్టమైంది: ఇతను ఎవరు? లక్షల రికార్డులు గాలించాలి. ఆధార్‌కు కొత్తగా పేరు రాయించుకునేటప్పుడు జరిగేది కూడా ఈ రెండో రకం గాలింపే, ఒకే మనిషికి రెండు నంబర్లు పడకుండా.

ఏ మిషనూ నూటికి నూరు పాళ్లు ఒకటే అని చెప్పదు. ఇంత మేరకు కలిసింది అని ఒక మార్కు వేస్తుంది. ఎన్ని మార్కులు వస్తే పాస్ అన్నది ముందే నిర్ణయిస్తారు. ఆ పాస్ మార్కు గీత పైకి జరిపితే దొంగ ఆగుతాడు, అవ్వ కూడా ఆగుతుంది. కిందికి జరిపితే ఇద్దరూ లోపలికి వస్తారు. రేషన్ షాపు దగ్గర జరిగే సగం గొడవలకు మూలం ఈ గీతేనని నాకనిపిస్తుంది.

కవలలకూ వేర్వేరే

తల్లి కడుపులో పదో, పదకొండో వారం నుంచి ఈ గట్లు ఏర్పడటం మొదలై, ఆరో నెలలోపే స్థిరపడతాయి. జన్యువులు మొత్తం ఆకారాన్ని మలిస్తే, బిడ్డ వేలి మెత్త ఎంత ఉబ్బింది, పెరుగుదల ఏ క్షణాన ఎటు సాగింది అన్న చిన్న చిన్న తేడాలు చుక్కల్ని నిర్ణయిస్తాయి. అందుకే ఒకే పిండం నుంచి పుట్టిన కవలల డీఎన్ఏ ఒకటే అయినా వేలిముద్రలు వేరు. పిల్లలు పెరిగే కొద్దీ ముద్ర సైజు పెరుగుతుంది గానీ అల్లిక మారదు. మరీ చిన్నప్పుడు గీతలు సన్నగా ఉండి స్కానర్‌కు అందవు కాబట్టి అయిదేళ్ల లోపు పిల్లల ఆధార్‌కు వేలిముద్ర తీసుకోరు. అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక మరోసారి తప్పనిసరిగా నమోదు చేయించాలి.

అమ్మమ్మ లెక్క, పోలీసు లెక్క

చిన్నప్పుడు చేతివేళ్లు చాపి ఎన్ని చక్రాలు, ఎన్ని శంఖాలు అని లెక్కపెట్టనివాళ్లు మన ఊళ్లలో అరుదు. పది వేళ్లకూ చక్రాలే ఉంటే రాజయోగమని పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ జోస్యం సంగతి వదిలేయండి. లెక్క మాత్రం అచ్చం పోలీసులు ఒక శతాబ్దం పాటు వాడిందే.

1890ల్లో బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ దగ్గర ఒక చిక్కు ఉండేది. వేల మంది నేరస్థుల ముద్రలు కాగితాల మీద ఉన్నాయి, కొత్తవాడు దొరికినప్పుడు వాడి కాగితం ఎక్కడుందో వెతకడం ఎలా? ఆయన దగ్గర పనిచేసే అజీజుల్ హక్ గణితం బాగా తెలిసినవాడు. ప్రతి వేలినీ చక్రం ఉందా, లేదా అని మాత్రమే చూడమన్నాడు. ఒక వేలికి రెండు అవకాశాలు. పది వేళ్లకు కలిపి 1,024. కాబట్టి 32 అడ్డ వరసలు, 32 నిలువు వరసలతో ఒక బీరువా చేయించి, ప్రతి కాగితాన్నీ దాని గూట్లో పెట్టారు. హక్‌తో పాటు అక్కడే పనిచేసే హేమచంద్ర బోస్ ఆ గూళ్లను ఇంకా చిన్న భాగాలుగా విడదీసి, ముద్ర వివరాలను టెలిగ్రామ్‌లో పంపడానికి వీలుగా ఒక సంకేత పద్ధతి కూడా కనిపెట్టాడు. 1897లో కలకత్తాలో మొదలైన వేలిముద్రల బ్యూరోకు ఆధారం ఇదే.

పద్ధతి 1901లో లండన్ స్కాట్లాండ్ యార్డుకు చేరింది. పేరు మాత్రం హెన్రీ పద్ధతి. హక్‌కు ఖాన్ బహదూర్, బోస్‌కు రాయ్ బహదూర్ బిరుదులు, చెరో 5,000 రూపాయలు ముట్టాయి, అదీ చాలా ఏళ్లు గడిచాక. పై అధికారి పేరు మీద పని చలామణి కావడం సర్కారు కొలువుల్లో కొత్తేమీ కాదు కదా.

ఈ బ్యూరో మొదటి పెద్ద కేసు ఒక పంచాంగం వల్ల తేలింది. జల్పాయ్‌గురిలో టీ తోట మేనేజర్ హత్యకు గురయ్యాడు. అతని పెట్టెలో దొరికిన బెంగాలీ పంచాంగం మీద గోధుమరంగు మరకలున్నాయి. అందులో ఒకటి పాత నౌకరు కంగాలీ చరణ్ కుడి బొటనవేలిదని బ్యూరో రికార్డుతో తేలింది. అంతకుముందు దొంగతనం కేసులో శిక్ష పడ్డవాడు కాబట్టి అతని ముద్రలు అక్కడ ఉన్నాయి. 1898లో కోర్టు దొంగతనానికి శిక్ష వేసింది, హత్యకు వేయలేదు. వేలు అక్కడ పడిందని ముద్ర చెప్పగలదు గానీ, ఆ చేయి ఏం చేసిందో చెప్పలేదని జడ్జి అప్పుడే గుర్తించాడన్నమాట.

వరంగల్ జిల్లా ముందే చూసింది

ఆధార్ నంబరు మొట్టమొదట ఇచ్చింది 2010 సెప్టెంబర్ 29న, మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామంలో. దానికి మూడేళ్ల ముందే, 2007లో, వేలిముద్ర పెట్టి ఉపాధి హామీ కూలి, పింఛను డబ్బు తీసుకునే స్మార్ట్ కార్డు ప్రయోగం వరంగల్ జిల్లాలో మొదలైంది. అప్పటికి రఘునాథపల్లి ఆ జిల్లాలోని మండలమే, జనగామ జిల్లా ఏర్పడింది 2016లో. పద్ధతి సులువు. బ్యాంకు తరఫున ఊళ్లోనే ఒక మనిషి చేతి మిషన్‌తో కూర్చుంటారు. కార్డు పెట్టి వేలు ఆనిస్తే ముద్ర కలుస్తుంది, రశీదు వస్తుంది, డబ్బు చేతికి అందుతుంది. మస్టర్ మీద ఎవరో నిశాని వేసి ఎవరి డబ్బో ఎత్తుకుపోయే రోజులు చూసినవాళ్లకు ఇది పెద్ద మార్పు.

తర్వాత ఇదే పథకాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో పరీక్షగా నడిపారు. ఏ మండలానికి ముందు రావాలో, ఏ మండలానికి తర్వాత రావాలో చీటీ తీసినట్టు నిర్ణయించి, తేడా కొలిచారు. దాదాపు 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతమది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుక్తంకర్ 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కూలి తొందరగా అందింది, అందే రోజు ముందే అంచనాకు దొరికింది, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గింది.

అదే ముగ్గురు తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు కూడా కొలిచారు. అక్కడ దోపిడీ తగ్గిన ఆనవాలు పెద్దగా దొరకలేదు, కార్డుకు ఆధార్ జతకాని కుటుంబాలు మాత్రం నష్టపోయాయి. ఇక్కడి స్మార్ట్ కార్డు పథకంలో, కార్డు లేనివారికి, వేలు కలవనివారికి చేతి రాతతోనైనా చెల్లించే దారి ఉంచారు. నాకైతే తేడా మిషన్‌లో కంటే ఆ తెరిచి ఉంచిన పక్కదారిలోనే ఉందనిపిస్తుంది.

పని చేసే వేళ్లే పట్టుబడవు

సర్వాయి పాపన్న కోట కట్టిన ఖిలాషాపూర్ రఘునాథపల్లి మండలంలోదే. తాటివనాలు, మోకు, ముస్తాదు ఇక్కడ ఇప్పటికీ రోజువారీ మాటలు. ఏళ్ల తరబడి మోకు పట్టి తాడెక్కిన చేతుల్లో గట్లు అరిగిపోతాయి. పత్తి ఏరేవాళ్లకు, సిమెంటు, సున్నం పనివాళ్లకు, గిన్నెలు తోమే సబ్బులో చేతులు నానేవాళ్లకు ఇదే కథ. వయసు మీద పడితే చర్మం పలచబడి, సాగే గుణం పోయి, గట్ల ఎత్తే తగ్గుతుంది. అంటే ఉపాధి హామీ, పింఛను, బియ్యం, ఏ పథకాలకు వేలు పెట్టాలో ఆ పథకాలు ఎవరి కోసమో వాళ్ల వేళ్లే మిషన్‌కు కష్టం. కాన్సర్‌కు వాడే కాపెసిటబిన్ అనే మాత్ర వల్ల కూడా వేలిముద్రలు చెరిగిపోవచ్చు. 2009లో బయటపడ్డ ఒక కేసులో, ఆ మందు వాడుతున్న సింగపూర్ వృద్ధుణ్ణి ముద్రలు కనబడక అమెరికా విమానాశ్రయంలో గంటల తరబడి ఆపేశారు.

దీనికి మందు బొటనవేలినే పట్టుకు వేలాడకపోవడం. పదింటిలో ఏదో ఒకటి బాగా పలుకుతుంది, అది ఏదో కనుక్కునే సదుపాయం ఆధార్ వ్యవస్థలోనే ఉంది. అదీ కుదరకపోతే కంటిపాప. కరోనా రోజుల్లో, 2021 మొదట్లో, తెలంగాణ రేషన్ షాపుల్లో వేలు ఆనించడం ఆపి కంటిపాప, ఫోన్‌కు వచ్చే ఓటీపీ వాడారు. చేయూత పింఛన్లకు 2025లో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి తెచ్చారు.

క్లూస్ టీమ్ పెట్టెలో

దొంగతనం జరిగిన ఇంటికి వచ్చే క్లూస్ టీమ్ బీరువా తలుపు మీద పొడి చల్లడం అందరూ చూసిందే. కాగితం మీది ముద్రకు పొడి కంటే నిన్‌హైడ్రిన్ నయం. చెమటలోని అమైనో ఆమ్లాలతో కలిసి అది ఊదారంగుకు తిరుగుతుంది, ఏళ్లనాటి ఉత్తరం మీది ముద్రనైనా లేపుతుంది. ప్లాస్టిక్, లోహం లాంటి వాటికి ఇంకో ఉపాయం: చెప్పులు అతికించే ఫెవిక్విక్ లాంటి జిగురును వేడిచేసి ఆవిరి పట్టిస్తే, అది ముద్ర గీతల మీద తెల్లగా గడ్డకడుతుంది.

అలా లేపిన ముద్రను గాలించడానికి తెలంగాణ పోలీసులు 2017లో రష్యా కంపెనీ తయారు చేసిన పాపిలాన్ వ్యవస్థను తెచ్చుకున్నారు. సిరా పూయకుండా గాజు మీదే పది వేళ్లూ తీసుకునే లైవ్ స్కానర్లు స్టేషన్లకు వచ్చాయి. దేశం మొత్తానికి నాఫిస్ అనే వేలిముద్రల వ్యవస్థ 2022 ఆగస్టులో అధికారికంగా మొదలైంది. అరెస్టయినవారికి ఇచ్చే పది అంకెల నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. గుర్తు తెలియని శవాల విషయంలో కూడా ఇది పనికొస్తుంది. అధికారికంగా మొదలవకముందే, ఆ ఏడు ఏప్రిల్‌లోనే, మధ్యప్రదేశ్ పోలీసులు ఒక మృతుణ్ణి దీని ద్వారా గుర్తుపట్టారు. అదే సంవత్సరం 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం పోయి కొత్త చట్టం వచ్చింది. దాని కింద తీసుకున్న కొలతలను 75 ఏళ్ల వరకు ఉంచుకోవచ్చు.

మిషన్ ఇచ్చేది ఒక జాబితా మాత్రమే, తేల్చేది మనిషి. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్లలో దొరికిన ఒక ముద్రను ఎఫ్‌బీఐ కంప్యూటర్‌లో వేస్తే ఇరవై మంది పేర్లు వచ్చాయి. నాలుగో పేరు అమెరికాలోని ఓరెగాన్ వకీలు బ్రాండన్ మేఫీల్డ్‌ది. నిపుణులు అతనిదేనని తేల్చి అరెస్టు చేయించారు. రెండు వారాలకు స్పెయిన్ పోలీసులు అది ఒక అల్జీరియా దేశస్థుడిదని నిరూపించారు. 2011లో అమెరికాలో 169 మంది నిపుణులకు పరీక్ష పెడితే, వేరే మనిషిది పట్టుకుని అదే అన్న తప్పులు 0.1 శాతం, అసలు మనిషిదే అయినా కాదన్న తప్పులు 7.5 శాతం.

ధర్మారం రబ్బరు స్టాంపు

2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల దుకాణదారు పట్టుబడ్డాడు. కంపెనీ పెట్టిన టార్గెట్ అందుకోవడానికి అతను చేసిన పని వింటే ముక్కున వేలేసుకోవాల్సిందే. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద అమ్మేవాళ్ల, కొనేవాళ్ల వేలిముద్రలుంటాయి, చట్టమే అలా వేయమంటుంది. ఆ దస్తావేజులు అప్పట్లో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడటానికి ఉండేవి, చాలావాటి మీద ఆధార్ నంబరు కూడా ఉండేది. వాటిని దింపుకుని, ఆఫీసు రబ్బరు స్టాంపులు చేసే మిషన్‌తో వేలిముద్రలు అచ్చుగుద్దాడు. ఆ స్టాంపులను స్కానర్ మీద ఆనించి వేల సిమ్‌లకు ప్రాణం పోశాడు. గ్రేటర్ హైదరాబాద్‌లో పారిశుద్ధ్య సిబ్బంది హాజరులోనూ రానివాళ్ల పేరిట జిగురు వేళ్లు పట్టుబడ్డాయి.

పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, బొటనవేలిని మార్చలేం. పైగా దాన్ని రోజూ గ్లాసు మీద, బండి హ్యాండిల్ మీద, కాగితాల మీద వదిలిపెడుతూనే ఉంటాం. ఈ బలహీనతకు మందుగా ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో కొత్త పరీక్ష తెచ్చింది. చుక్కలతో పాటు వేలి బొమ్మను కూడా తెప్పించుకుని, అది ప్రాణమున్న వేలా, రబ్బరా, జిగురా అని కంప్యూటర్ తేల్చుకుంటుంది.

ఘట్‌కేసర్ కుట్లు

వరంగల్ రోడ్డు మీద హైదరాబాద్ పోయే ఏ బస్సైనా ఘట్‌కేసర్ దాటాలి. 2022లో అక్కడ రాచకొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. కువైట్ నుంచి వెనక్కి పంపేసినవాళ్లు మళ్లీ పోదామంటే విమానాశ్రయంలో పాత వేలిముద్ర అడ్డొస్తుంది. ఈ ముఠా 25,000 రూపాయలు తీసుకుని వేలి కొస పై పొరను కోసి, లోపలి కండ కొంచెం తీసి, మళ్లీ కుట్టేసేది. కడప వైపు వాళ్లు, ఆసుపత్రుల్లో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు. రాజస్థాన్, కేరళ దాకా వెళ్లి చేసొచ్చారు. మానిన తర్వాత ఏడాది పాటు ముద్ర కొంత మారినట్టు కనిపిస్తుందట.

కొంతకాలమే ఎందుకంటే అల్లిక అచ్చు పై పొరలో లేదు, దాని కింద ఉంది. పైపైన కాలినా, గీసుకున్నా పాత అల్లికే తిరిగి మొలుస్తుంది. లోతుగా కోస్తే మచ్చ మిగులుతుంది, ఆ మచ్చే కొత్త గుర్తవుతుంది. 1934లో అమెరికా బందిపోటు జాన్ డిల్లింజర్ యాసిడ్ పోసుకుని వేళ్లు కాల్చుకున్నాడు. కాల్పుల్లో చచ్చాక అతన్ని గుర్తుపట్టడానికి మిగిలిన గీతలే సరిపోయాయి.

  

తాళం ఉంది

ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే, ఓటీపీ ఏమీ లేకుండానే ఒకసారికి 10,000 రూపాయల వరకు డబ్బు తీసుకోవచ్చు. సౌకర్యమే, దొంగకు కూడా. మీ వేలిముద్రకు మీరే తాళం వేసుకునే వీలు ఆధార్ వెబ్‌సైట్‌లో, ఎంఆధార్ యాప్‌లో ఉంది. బయోమెట్రిక్ లాక్ అన్న మీట నొక్కితే వేలు, కన్ను, ముఖం మూడూ మూతపడతాయి. కావలసినప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. తెరవడం మర్చిపోయి రేషన్ షాపుకు పోతే మాత్రం డీలర్ పదిసార్లు పెట్టించినా బియ్యం రావు.